ముహర్రక్‌లో మల్లేశం తడిపిన గోడ

2023 చలికాలంలో ముహర్రక్ పాత పేటలో ఒక ఇంటిని బాగుచేసే పని మా కంపెనీకి వచ్చింది. బహ్రెయిన్ విమానాశ్రయం ముహర్రక్‌లోనే ఉంది. కానీ విమానం దిగినవాళ్లు దిగినట్టే రాజధాని మనామాకు పోయే వంతెన ఎక్కేస్తారు, ఈ పేటలోకి తొంగిచూసేవాళ్లు తక్కువ. లోపలంతా సందులు. రెండు చేతులూ చాపితే రెండు పక్కల గోడలూ తగులుతాయి. లారీ సంగతి దేవుడెరుగు, పికప్ కూడా రాదు. ఇసుక బస్తా నుంచి టేకు దూలం దాకా ఏదైనా తోపుడు బండి మీదో భుజం మీదో రావాల్సిందే. అలాంటి ఒక సందు చివర ఉంది హజ్జీ యూసుఫ్ అనే పెద్దాయనకు వాళ్ల తాత నుంచి వచ్చిన ఇల్లు. ముత్యాల కోసం సముద్రంలోకి పోయే పడవలకు ఆ తాత పెద్దగా ఉండేవాడట.

ఆ సైటుకు నేను ఫోర్‌మన్‌ని. మాది జగిత్యాల దగ్గర పల్లె. అందరిలాగే నేనూ మొదట్లో ఎత్తైన కొత్త బిల్డింగుల్లో తాపీ పట్టాను. తర్వాత పాత ఇళ్లు బాగుచేసే ఈ కంపెనీలోకి మారాను. ఈ పనిని రెస్టొరేషన్ అంటారు. కొత్తది కట్టడం ఉండదు, ఉన్న పాతదాన్ని పాతదానిలాగే నిలబెట్టాలి. మా ఊళ్లో ఎవరికి చెప్పినా నవ్వుతారు. "దుబాయి పోయి కూలిపోయిన ఇండ్లకు మట్టి పూస్తున్నవా బావా?" అని మా బామ్మర్ది ఇప్పటికీ ఆటపట్టిస్తాడు. బహ్రెయిన్ అని ఎన్నిసార్లు చెప్పినా వాడికి అది దుబాయే.

ఈ ఇళ్ల గురించి కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఇక్కడ కొండలు లేవు. కట్టడానికి రాయి కావాలంటే సముద్రమే దిక్కు. కోరల్ స్టోన్ అంటారు, పగడపు రాయి. నీళ్లలోంచి తవ్వి తెచ్చి ఎండబెట్టి గోడలు పెట్టారు. దాన్ని కలిపి ఉంచడానికీ, పైన పూయడానికీ జస్ అనే తెల్లటి పిండి వాడారు. మన దగ్గర జిప్సం అంటామే, అదే. సముద్రంలోంచి వచ్చిన రాయి కాబట్టి దాని ఒంటి నిండా ఉప్పు. గోడ పొడిగా ఉన్నన్నాళ్లు ఆ ఉప్పు తన మానాన తాను ఉంటుంది. నీళ్లు తగిలాయా, కరిగి బయలుదేరుతుంది. గోడ మళ్లీ ఆరేటప్పుడు పై పూతలోకి వచ్చి గడ్డకట్టి, పూతను లోపలినుంచి పగలగొడుతుంది. జస్ కూడా నీళ్లు తాగితే మెత్తబడుతుంది. అంటే ఇక్కడి గోడకు నీళ్లు శత్రువు.

హజ్జీ ఇంట్లో అన్నిటికంటే విలువైనది ముంగిట్లోకి తెరుచుకునే పెద్ద గది గుమ్మం మీది ప్యానెల్. జస్‌తో చేసిన అర్ధచంద్రాకారపు చెక్కుడు పలక అది. లోతుగా చెక్కిన పూలు, ఆకులు, వాటి మధ్య నక్షత్రాలు. ఒకప్పుడు అలాంటివి ఆ ఇంట్లో ప్రతి గుమ్మం మీదా ఉండేవట. ఇంటికి తాళం పడ్డాక ఒక్కో వానకు ఒక్కోటి రాలిపోయాయి. మిగిలింది ఇదే. హజ్జీ చిన్నప్పుడు ఆయనా తమ్ముళ్లూ ఖర్జూరపు గింజలు విసిరి ఎవరి గింజ పువ్వులో ఇరుక్కుంటుందో అని పందెం ఆడేవాళ్లట. అందుకు వాళ్లమ్మ చేతి దెబ్బలు తిన్నామని నవ్వుతూ చెప్పాడు. మేం నమ్మలేదు. తర్వాత మా ఇంజినీరు మరియం మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులుపుతుంటే ఒక పువ్వు నడుమ నుంచి నిజంగానే ఎండిపోయిన గింజ బయటపడింది. దాన్ని తీసుకెళ్లి ఇస్తే ఆ ముసలాయన అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

మరియం బహ్రెయిన్ అమ్మాయి, పాత కట్టడాల చదువు చదివింది. మాతో హిందీ, ఇంగ్లిష్ కలిపి మాట్లాడుతుంది. గట్టిగా అరవడం ఆమెకు రాదు. ఆ లోటు నేను తీరుస్తాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని సైటంతా అంటారు. అది అబద్ధమని చెప్పబోయి కూడా అరుస్తానట.

పని మొదలైన కొన్ని వారాలకు కోరుట్ల వైపు మనిషి మల్లేశం మా జట్టులోకి వచ్చాడు. నలభై దాటినవాడు. తాపీ పనిలో పెద్ద చెయ్యి. గోడకు పూత వేస్తే మట్టం చూసే పని ఉండదు. అంతకుముందు ఇంకో గల్ఫ్ దేశానికి పోతే, పోయిన కొద్ది నెలలకే అక్కడి కంపెనీ మూతపడి ఉత్త చేతులతో ఇంటికి వెళ్లాడు. ఊళ్లో జనం ఎదురుపడినప్పుడల్లా "ఏంది మల్లేశం, గప్పుడే వస్తివి?" అని అడిగేవాళ్లట. ఆ ప్రశ్న తప్పించుకోవడానికి పొద్దునే పొలం వైపు పోయి చీకటి పడ్డాక ఇంటికి వచ్చేవాణ్ణని నాతో చెప్పాడు. బహ్రెయిన్ అతనికి రెండో ప్రయత్నం.

అతని చేతికి సిమెంటు అలవాటు. నేను అన్నీ చెప్పాను. ఇక్కడ సిమెంటు ముట్టుకోవద్దు. జస్ కొంచెం కొంచెమే కలపాలి, పక్కకు తిరిగి చూసేలోపు గట్టిపడిపోతుంది. తాపీ మరీ నున్నగా తిప్పొద్దు. ఏం చెప్పినా "సరే అన్నా" అనేవాడు, చెప్పినట్టే చేసేవాడు. ఒక గురువారం ఆ పెద్ద గది గోడకు రెండు వైపులా పూత పూర్తయింది. సాయంత్రం సామాన్ సర్దుకుని మిగిలినవాళ్లు హిద్‌లో కూలీలుండే క్యాంపుకు, నేను జింజ్‌లోని నా గదికి వెళ్లిపోయాం. మరునాడు శుక్రవారం, సెలవు.

శనివారం పొద్దున సైటుకు వచ్చేసరికి సందు మలుపులోనే తడి వాసన తగిలింది. వాన పడలేదే అనుకుంటూ లోపలికి అడుగు పెట్టాను. పెద్ద గది గోడ నిండా తడి గోనెపట్టలు వేలాడుతున్నాయి. పైనుంచి కింది దాకా, ప్యానెల్ మీద కూడా. చిన్నపిల్లవాడికి దుప్పటి కప్పినట్టు ఎంతో శ్రద్ధగా కప్పి ఉన్నాయి. కింద నేలంతా నీళ్లు. మల్లేశం నా కంటే ముందే వచ్చి, చేతిలో పైపుతో నిలబడి, నన్ను చూసి నవ్వాడు.

"నిన్న నేనే వచ్చిన అన్నా. గోడకు తానం చేపిచ్చిన. పొద్దుమాపు రెండుసార్లు కొట్టిన. మళ్ల ఇయ్యాల పొద్దుగాల ఒకసారి."

"ఎవడు చెప్పిండురా నీకు?" అని అరిచాను. నా గొంతు నాకే వికారంగా వినిపించింది.

"ఎవ్వలు చెప్పలే అన్నా. ఒక్కలు గూడ నీళ్లు కొడ్తలేరు. కొత్త పూత గట్ల ఇడిశిపెడితే పగుల్తది గద. ఇంత మంచి గోడాయె. అందుకే మా రూమోళ్ల సైటు నుంచి పట్టలు అడుక్కొచ్చిన."

మన వైపు వాళ్లకు దీని గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. కొత్తగా పూసిన గోడకు పొద్దునా సాయంత్రం నీళ్లు కొట్టడం, పిల్లర్లకు గోనెపట్టలు చుట్టి తడపడం ఇల్లు కట్టుకునే ప్రతివాడికీ తెలుసు. క్యూరింగ్ అంటాం. ఒక పూట మరిచిపోతే మేస్త్రీ ఇంటివాళ్లను తిడతాడు. సిమెంటుకు ప్రాణం పోసేది ఆ నీళ్లే. మల్లేశం చేతులకు అది నేర్పక ముందే వచ్చిన విద్య. ఇక్కడ నీళ్లు కొట్టొద్దని వేరే చెప్పాలని నాకు తోచనే లేదు. సెలవు రోజున హిద్ క్యాంపు నుంచి బస్సెక్కి, ఎవరూ అడగకుండా, ఒక్క దినారు ఓవర్‌టైం లేకుండా వచ్చి, అతను ఆ గోడను ప్రేమగా ముంచేశాడు.

పట్ట అంచు కాస్త ఎత్తి బొటనవేలు ఆనించాను. పూత తడిసిన బెల్లంలా లోపలికి దిగిపోయింది. ప్యానెల్ పై అంచు వెంట సన్నటి చీలిక కనిపించింది. గురువారం సాయంత్రం దాకా అది లేదు. పలక గోడను వదిలి ముందుకు వాలుతోందన్నమాట. ఆ తర్వాత నేను అన్న మాటలు రాయదగ్గవి కావు. మల్లేశం మొహంలో నవ్వు పోవడానికి కొంచెం సమయం పట్టింది. తను చేసింది మంచి పని కాదని అతనికి నా అరుపుల వల్ల అర్థం కాలేదు, పూతలో నా బొటనవేలు దిగిన గుంట చూశాక అర్థమైంది.

మరియం వచ్చింది. సంచీ కింద పెట్టి, చెప్పులు విప్పి, ఆ నీళ్లలో నిలబడి గోడను చూసింది. "ఎవరూ పట్టలు లాగొద్దు" అంది. అదే నేను చేయబోతున్న పని. పట్ట మెత్తబడ్డ పూలకు అంటుకుని ఉంది. లాగితే పూలు దానితో పాటే వచ్చేస్తాయి. అందరినీ దూరంగా జరిపి ఆమె కత్తెర తెప్పించుకుంది. స్టూలెక్కి, పట్టను వేలెడు వెడల్పు పీలికలుగా కత్తిరిస్తూ, ఒక్కొక్క పీలికనూ కిందినుంచి పైకి చుట్టుకుంటూ తీసింది. కింద రెండు చేతులు పట్టి ఎవరైనా నిలబడాలి, ఏదైనా రాలితే పట్టుకోవడానికి. మల్లేశం అడగకుండానే వచ్చి నిలబడ్డాడు. పొమ్మని కసరబోయాను. మరియం కళ్లతోనే వద్దంది. ఆ పీలికలన్నీ వచ్చేదాకా అతను చేతులు దించలేదు. ఒక ఆకు కొస, రెండు పూరేకులు అతని చేతుల్లో పడ్డాయి. వాటిని అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

తర్వాత ప్రాపింగ్ చేశాం, అంటే పోటు పెట్టడం. ప్యానెల్ ఆకారానికి ప్లైవుడ్ పలక కోసి, దాని మీద మందపాటి స్పాంజి అతికించి, మెల్లగా ఆనించి, కింద మర తిప్పితే పెరిగే ఇనుప స్తంభాలు నిలబెట్టాం. ఎక్కువ తిప్పితే పూలు నలిగిపోతాయి, తక్కువ తిప్పితే పలక జారుతుంది. ఆ పని ముగిశాక మరియం ఇంకో మాట చెప్పింది. గోడ వెనక వైపు గురువారం మేం పూసిన కొత్త పూతంతా రాయి కనబడేదాకా తీసేయమంది.

"నీళ్లు గాలి ఉన్నవైపు పోతాయి. నీళ్లు ఎటు పోతే ఉప్పు అటు పోతుంది. ముందువైపు కప్పేసి వెనకవైపు తెరిచి పెడదాం. ఉప్పు వెనక నుంచి బయటికి పోనీ. జస్ ఆరితే మళ్లీ గట్టిపడుతుంది. అప్పటిదాకా దాన్ని మనం మోయాలి, అంతే."

"ఎన్నాళ్లు?" అన్నాను.

"గోడ చెప్పాలి" అంది.

మధ్యాహ్నం మేనేజర్ వచ్చాడు. చెడ్డవాడు కాదు. పై నుంచి ఎవరైనా అడిగితే చూపించడానికి ఒక పేరు కావాలి అతనికి. నన్ను పక్కకు పిలిచి విషయం తేల్చేశాడు. ప్యానెల్ నిలిస్తే మల్లేశం ఉంటాడు. పడితే వీసా క్యాన్సిల్, దొరికిన విమానానికి ఇంటికి. నేను వాదించబోయాను. "నువ్వే కదా పొద్దున్నుంచి అతన్ని తిడుతున్నావు" అన్నాడు. తిట్టడం వేరు, పంపడం వేరు అని అతనికి ఎలా చెప్పడం?

మల్లేశానికి ఆ మాట చెప్పాల్సింది నేనే. ముంగిట్లో నీళ్లు ఎత్తిపోస్తున్నాడు. చెప్పాను. బొచ్చె కింద పెట్టి గోడకు ఆనుకోబోయి, ఆ గోడను ముట్టుకోవడానికి భయపడి, ఇవతలికి జరిగి కూచున్నాడు.

"దెబ్బలు కొట్టినా పడ్త అన్నా. గని మళ్ల వాపస్ పోతే ఊళ్లె ముఖమెట్ల జూపియ్యాలె? ఒకసారంటే కంపెనీ మూతవడ్డదని చెప్పిన. ఈసారి ఏమని చెప్పాలె? గోడకు నీళ్లు కొట్టిన అని చెప్తే ఎవడన్న నమ్ముతడా?"

నిజమే, మా ఊళ్లలో ఎవరూ నమ్మరు. గోడకు నీళ్లు కొట్టినందుకు ఉద్యోగం పోయిందంటే పగలబడి నవ్వుతారు. నాకు అతని మీద కోపం అప్పటికీ పోలేదు, కానీ దాని పక్కనే జాలి కూడా వచ్చి కూచుంది.

ఇక హజ్జీకి చెప్పడం మిగిలింది. రెండు రోజులు ఆగుదామన్నాడు మేనేజర్. "ఇల్లు ఆయనది" అని మరియం అప్పుడే ఫోను చేసింది. సాయంత్రపు నమాజు కాగానే హజ్జీ వచ్చాడు. చేతికర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఇనుప స్తంభాలను, ప్లైవుడ్ పలకను, కింద ఆరీ ఆరని నేలను చూశాడు. మరియం అరబిక్‌లో జరిగినదంతా చెప్పింది. ఆయన మొహం చూసే ధైర్యం నాకు లేకపోయింది. అంతా విని ఆయన హిందీలో అడిగాడు, మాకు కూడా అర్థం కావాలని కాబోలు.

"కల్ వాలా ఆద్మీ కిధర్ హై?"

నిన్నటి మనిషి ఎక్కడ అంటున్నాడు. నిన్న ఇక్కడికి ఒక మనిషి వచ్చాడని ఈయనకెలా తెలుసు అని మేం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. మల్లేశం తల వంచుకుని ముందుకు వచ్చాడు. హజ్జీ కర్ర మీద బరువు వేసి చాలాసేపు అతన్నే చూసి, తర్వాత మాకు చెప్పాడు. ముంబైతో వ్యాపారం చేసిన కుటుంబం కాబట్టి ఆయన హిందీ విరిగినా అర్థమవుతుంది. శుక్రవారం ఆయన ఇటుగా వస్తే ఈ మనిషి తాళం వేసిన గేటు ముందు పట్టలు నెత్తిన పెట్టుకుని నిలబడి ఉన్నాడట. కంపెనీయే పంపిందనుకుని ఆయనే తన తాళంచెవితో గేటు తీసి, ఆ చెవి అతని చేతికే ఇచ్చాడు. నల్లాలో నీళ్లు రావడం లేదంటే లోపలి వాల్వు కూడా ఆయనే తిప్పాడు. శుక్రవారం పూట తన ఇంటి కోసం ఒకడు ఇంత కష్టపడుతున్నాడని సంతోషపడి, ఇంటి నుంచి మచ్బూస్ పళ్లెం కూడా తెప్పించి పెట్టాడట. మచ్బూస్ అంటే వాళ్ల బిర్యానీ.

పొద్దున్నుంచి అంతలా తిట్లు తింటూ కూడా మల్లేశం ఈ ముక్క ఎవరితోనూ అనలేదు.

"ఎందుకు చెప్పలేదురా?" అన్నాను చిన్నగా.

"పెద్దమనిషి అన్నం పెట్టిండు అన్నా. ఆయన పేరెందుకు తియ్యాలె? నీళ్లు కొట్టింది నేనే గద" అన్నాడు.

దాన్ని నేను హిందీలోకి మార్చి హజ్జీకి చెప్పాను. ఆయన ముంగిట్లో ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు. కాసేపు గడ్డం నిమురుకున్నాడు. తర్వాత మేనేజర్ వైపు తిరిగి, ఇతన్ని పంపిస్తే నన్ను కూడా పంపాలి, వాల్వు తిప్పింది నేను, చెప్పు, నన్ను ఎక్కడికి పంపుతావు అన్నాడు. మేనేజర్ ఇబ్బందిగా నవ్వాడు. మీ మంచితనం హజ్జీ, కానీ పడితే పైవాళ్లు మిమ్మల్ని అడగరు, నన్ను అడుగుతారు అన్నాడు. అది కూడా నిజమే. హజ్జీ లేచి కర్రతో ప్లైవుడ్ పలక వైపు చూపించాడు. "తో గిర్నా నహీ" అన్నాడు. అయితే అది పడకూడదు. అది మాకు చెప్పాడో ప్యానెల్‌కే చెప్పాడో తెలియదు.

ఆ తర్వాత ఎదురుచూడటమే పనైంది. మా పనిలో కష్టమంతా అక్కడే ఉంటుంది. ఫ్యాన్లు గట్టిగా పెట్టి తొందరపెడితే ఉప్పు దారిలోనే గడ్డకడుతుంది. వదిలేస్తే చలికాలపు తేమకు ఆరదు. మరియం మాయిశ్చర్ మీటర్ అనే చిన్న పరికరం తెచ్చి పొద్దునే గోడకు ఆనించి తడి ఎంతుందో చూసేది. మొదట్లో ఆ ముల్లు కిందికి దిగనే లేదు. మేం ఇంటి మిగతా పనులు చేస్తూనే ఉన్నాం, కానీ అందరి ప్రాణం ఆ గుమ్మం మీదే ఉంది. పేట మీదుగా విమానాలు చాలా కిందుగా పోతాయి. అంతకుముందు ఎవరం పట్టించుకునేవాళ్లం కాదు. ఇప్పుడు ప్రతి విమానం చప్పుడుకూ మల్లేశం చేతిలో పని ఆపి ప్యానెల్ వంక చూసేవాడు. ఆ అదురుకు పడుతుందేమోనన్న భయం ఒకటి. ఆ విమానంలో తను ఉండాల్సి వస్తుందేమోనన్న భయం రెండోది.

కొన్నాళ్లకు వెనకవైపు రాళ్ల మీద తెల్లగా నూగు మొలిచింది. ఉప్పు. నేను నిట్టూర్చాను, మరియం మాత్రం పండగ చేసుకున్నంత సంతోషపడింది. అది బయటికొస్తోందంటే లోపల తగ్గుతోందని అర్థం. దాన్ని రోజూ పొడి బ్రష్‌తో దులిపి ఎత్తాలి. ఆ పని మల్లేశం తీసుకున్నాడు, ఇంకెవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు. పొద్దునే వచ్చి పూజగదిలో అడుగు పెట్టినంత నెమ్మదిగా వెనక గదిలోకి వెళ్లి, దులిపి, ఎత్తిన ఉప్పును చేటలో తెచ్చి మరియంకు చూపించేవాడు.

హజ్జీ రోజూ వచ్చేవాడు. ఫ్లాస్కులో టీ తెచ్చి ముంగిట్లో కూచునేవాడు. మల్లేశాన్ని పిలిచి పక్కన కూచోబెట్టుకునేవాడు. ఆయన హిందీ మల్లేశానికి సగం అర్థమయ్యేది. మల్లేశం తెలుగు ఆయనకు అసలు అర్థం కాదు. అయినా మాట్లాడుకునేవాళ్లు. "ఏం చెప్తుండు?" అని నేనడిగితే "ఏమో అన్నా, ఆయన దుఃఖం ఆయనది, నా బుగులు నాది, మంచిగనే ముచ్చట పెట్టుకుంటున్నం" అన్నాడు మల్లేశం.

ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. ఇక్కడ వాన ఏడాదికి నాలుగు చినుకులే కానీ, పడితే కుండపోత. ఆ పేటకు నీళ్లు పోయే దారి లేదు, సందులే కాలువలవుతాయి. పైకప్పు ఇంకా సగం తెరిచే ఉంది. టార్పాలిన్లు పరిచాం, తాళ్లు కట్టాం. వాన దంచికొట్టింది. టార్పాలిన్ నడుమ నీళ్లు నిలిచి బొజ్జలా వేలాడసాగింది, తెగితే నేరుగా గోడ మీదే పడుతుంది. మల్లేశం, ఇంకో ఇద్దరు పిట్టగోడ మీద నిలబడి కర్రలతో ఆ బొజ్జను ఎత్తి నీళ్లను సందులోకి తోస్తూనే ఉన్నారు. కింద పక్కింటివాళ్లు కూడా వచ్చి చీపుళ్లతో గుమ్మంలోంచి నీళ్లు ఊడ్చారు. యల్లా యల్లా, కానివ్వండి అని హజ్జీ మెట్ల మీంచి అందరినీ అదిలిస్తున్నాడు. వాన వెలిశాక ప్యానెల్ చూశాం. ఒక్క చుక్క తగల్లేదు. తడిసి వణుకుతున్న మల్లేశానికి హజ్జీ తన శాలువా ఇచ్చాడు.

చివరికి ఒక పొద్దున మీటర్ ముల్లు మరియం కోరుకున్న చోటికి దిగింది. ఆమె అంతటితో నమ్మలేదు. స్పాంజి పక్క నుంచి వేలు పెట్టి కణుపుతో పలకను మెల్లగా తట్టింది. తడిసిన జస్‌ను తడితే మొద్దుగా పలుకుతుంది, ఆరినది ఖంగుమంటుంది. చోటు మార్చి చోటు మార్చి తట్టి, నన్ను కూడా తట్టమంది. బాగానే పలికింది. వెనక నుంచి పలకను రాయికి పట్టి ఉంచే సన్నటి పిన్నులు అప్పటికే బిగించి ఉన్నాం. స్తంభాలు దించుదామంది. మేనేజర్‌కు ఫోను చేశాం. హజ్జీ తన కొడుకులిద్దరితో వచ్చాడు. మల్లేశం ముంగిట్లో ఓ మూల నిలబడ్డాడు, దగ్గరికి రమ్మంటే రాలేదు.

మర నేనే తిప్పాను. ఇంత తిప్పడం, ఆగి చూడటం. మళ్లీ ఇంత తిప్పడం. స్పాంజికీ పూలకూ మధ్య కాగితం దూరేంత సందు వచ్చింది, తర్వాత వేలు దూరేంత. సరిగ్గా అప్పుడే నెత్తి మీద విమానం. గిన్నెలు కూడా అదిరే చప్పుడు. మర తిప్పడం ఆపాను. విమానం పోయింది. ప్యానెల్ ఎక్కడున్నది అక్కడే ఉంది. స్తంభాలు తీసి, ప్లైవుడ్ పక్కకు పెట్టాం. దేని ఆసరా లేకుండా ఆ పూలు, ఆకులు, నక్షత్రాలు గుమ్మం మీద నిలబడి ఉన్నాయి. హజ్జీ రెండు చేతులూ ఎత్తి అల్‌హందులిల్లాహ్ అన్నాడు. మా కడుపులో పాలు పోసినట్టయింది.

మేనేజర్ "చలో, పని చూసుకోండి" అని వెళ్లిపోబోయాడు. అతని దృష్టిలో విషయం అయిపోయింది. నేను అడ్డం నిలబడ్డాను. "ఆ మాట అతనికి చెప్పి వెళ్లండి" అన్నాను. మేనేజర్ వెనక్కి వచ్చి మల్లేశం భుజం తట్టి, నువ్వు ఎక్కడికీ పోవడం లేదు భాయ్ అన్నాడు. మల్లేశం నా వైపు చూశాడు, సరిగ్గా విన్నానా అన్నట్టు. "ఉంటున్నవ్‌రా, ఉంటున్నవ్" అన్నాను.

రాలిన ఆ ఆకు కొసనూ పూరేకులనూ మరియం తర్వాత ఓపిగ్గా అతికించింది. ఇల్లు ఇప్పుడు బాగుంది. మనవళ్లు సెలవులకు వస్తే హజ్జీ ఆ గదిలోనే పడుకోబెడతాడట.

ఈ సంగతి నాకు నేర్పింది చెప్పాలి. పని రానివాడి గురించి ఫోర్‌మన్లందరం జాగ్రత్తపడతాం. వాడికి అన్నీ చెప్తాం, వెనకే నిలబడతాం. పని బాగా వచ్చినవాడి చేతుల్లో అప్పటికే ఒక పద్ధతి ఉంటుంది. అది మనం చెప్పిన మాటల కింద దాక్కుని, మనం లేని రోజున బయటికొస్తుంది. వాడికి చెప్పడం ఒక్కటే చాలదు, వాడిని అడగాలి. ఇప్పుడు కొత్త మనిషి ఎవరొచ్చినా నేను ముందు ఏ పనీ చెప్పను. కూచోబెట్టి చాయ్ ఇచ్చి, మీ ఇంటి దగ్గరైతే ఈ గోడను నువ్వేం చేస్తావు అని అడుగుతాను. వాళ్లు సంతోషంగా చెప్తారు. నేను వింటాను. ఆ తర్వాతే మా పని మొదలవుతుంది. మనసు పెట్టి చేసే మనిషిని పోగొట్టుకోకుండా ఉండటానికి నాకు తెలిసిన దారి ఇదొక్కటే.

ఆ రోజు స్తంభాలు దించాక అందరం అన్నానికి కూచుంటే మల్లేశం కనబడలేదు. వెతికితే సందులో గోడ నీడన నిలబడి భార్యతో ఫోను మాట్లాడుతున్నాడు. నేను గుమ్మంలో ఉన్నది చూడలేదు. "ఏం లేదు, ఊకెనే ఫోన్ చేసిన" అంటున్నాడు. అటువైపు ఆమె ఏదో అడిగింది. "మంచిగనే ఉన్న. నువ్వేం పరేషాన్ గాకు. మంచిగనే ఉన్న" అన్నాడు. ఆ రోజులన్నీ ఇంటికి ఒక్క ముక్క కూడా తెలియనివ్వలేదని, ఫోను చేసిన ప్రతిసారీ ఇదే మాట చెప్పాడని తర్వాత తెలిసింది. నేను చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను. ఎన్నాళ్ల నుంచో అబద్ధంగా చెబుతున్న ఆ మాటను, ఆ మధ్యాహ్నం అతను మొదటిసారి నిజంగా చెబుతున్నాడు.